పిల్లి ఒళ్లు వేడిగా ఉందని జ్వరం మాత్ర వేస్తున్నారా? ప్రాణాలకే ముప్పు.. పిల్లి శరీరం గురించి ఆశ్చర్యపరిచే నిజాలివే

ఎదురొస్తే అపశకునం అంటారు.. ఇంట్లో లేకపోతే ఎలుకలతో వేగలేం అని కూడా అంటారు. నెల్లూరు జిల్లా మనుబోలు లాంటి వరి పండించే ఊళ్లలో ధాన్యం బస్తాలు ఎక్కడుంటే అక్కడ పిల్లి తిరుగుతూనే ఉంటుంది. మిగిలిన పెరుగన్నం, చేపల పులుసు రోజున ఓ చేప తల, గిన్నెలో కాసిన్ని పాలు.. ఇదే దాని భోజనం. నలతగా కనిపిస్తే ఇంట్లో ఉన్న జ్వరం మాత్రలో ఓ ముక్క.. అదే దాని వైద్యం.

అయితే ఇక్కడే అసలు సమస్య వస్తోంది. పిల్లి చిన్న సైజు మనిషి కాదు. చిన్న సైజు కుక్క అంతకన్నా కాదు. దాని లివర్, కిడ్నీ, నాలుక, ఎముకలు అన్నీ వేట కోసం, మాంసం కోసం తయారైనవి. ఈ తేడా తెలియక ప్రేమతో చేసే పనే ఒక్కోసారి దాని ప్రాణం తీస్తుంది. మరి పిల్లి ఒంట్లో ఏముంది? ఏం చేయాలి? ఏం చేయకూడదు? ఓసారి చూద్దాం.

ఒళ్లు వేడిగా ఉంటే జ్వరం కాదు

మనిషి శరీర ఉష్ణోగ్రత మామూలుగా 98.6 డిగ్రీల ఫారెన్‌హీట్. పిల్లికి మాత్రం 100.5 నుంచి 102.5 డిగ్రీల వరకు మామూలే. అంటే మనకు జ్వరం అనిపించే వేడి దానికి ఆరోగ్యం. ఒడిలో కూర్చున్న పిల్లి వెచ్చగా తగలడానికి కారణం ఇదే. చెయ్యి పెట్టి చూసి జ్వరం అని తేల్చేయడం పెద్ద పొరపాటు.

ఆ తర్వాత జరిగేదే ప్రమాదం. ప్రతి ఇంట్లో ఉండే పారాసిటమాల్ మాత్ర పిల్లికి విషం. మన లివర్ ఈ మందును విడగొట్టి బయటికి పంపడానికి ఒక ఎంజైమ్‌ను వాడుతుంది. పిల్లుల్లో ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు పనిచేయదు. దాంతో మందు విషంగా మారి రక్తం మీద పడుతుంది. ఎర్ర రక్తకణాలు ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి వెళ్తాయి. చిగుళ్లు గోధుమ రంగులోకో, నీలం రంగులోకో మారతాయి. ముఖం, పాదాలు వాస్తాయి. ఆయాసం వస్తుంది. ఇదంతా కొన్ని గంటల్లోనే జరిగిపోతుంది.

లెక్క చూస్తే విషయం ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. పిల్లి బరువులో కిలోకు 10 మిల్లీగ్రాముల మోతాదుకే విష లక్షణాలు కనిపించిన సందర్భాలున్నాయి. నాలుగు కిలోల పిల్లికి 500 మిల్లీగ్రాముల మాత్రలో సగం ముక్క వేసినా కిలోకు 62 మిల్లీగ్రాములు పడినట్టే. 650 మాత్ర అయితే చెప్పక్కర్లేదు. పొరపాటున మింగితే ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు మందు ఉంది. అది ఎంత త్వరగా పడితే బతికే అవకాశం అంత ఎక్కువ. ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు కూడా సొంతంగా వేయకూడదు.

తీపి తెలియని నాలుక

మైసూర్‌పాక్ ముక్క పెట్టినా, పంచదార నీళ్లు పెట్టినా పిల్లికి ఒకటే. దానికి తీపి రుచే తెలియదు. తీపిని గుర్తించాలంటే రెండు జన్యువులు కలిసి పనిచేయాలి. పిల్లుల్లో అందులో ఒకటి ఎప్పుడో చెడిపోయింది. అమెరికాలోని మోనెల్ సెంటర్ శాస్త్రవేత్తలు 2005లో ఈ విషయం బయటపెట్టారు. పులి, చిరుత కుటుంబంలోనూ ఇదే పరిస్థితి. తరతరాలుగా మాంసమే తినే జంతువుకు తీపితో పనేముంది?

మరి పాల మీద అంత మోజెందుకు అంటారా? పాలల్లోని కొవ్వు, మాంసకృత్తుల కోసమే. కళ్లు మూసుకుని పాలు తాగుతుందని సామెత ఉన్నా, పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు సరిగ్గా అరగవు. పాలలోని లాక్టోజ్‌ను అరిగించే శక్తి తల్లిపాలు మానిన తర్వాత తగ్గిపోతుంది. పాలు తాగాక విరేచనాలు అవుతుంటే మానేయడమే మంచిది.

పెరుగన్నంతో కడుపు నిండుతుంది.. కళ్లు పోతాయి

ఇది చాలామందికి తెలియని విషయం. పిల్లికి టారిన్ అనే పోషకం తప్పనిసరి. మనిషి, కుక్క శరీరాలు దాన్ని చాలావరకు సొంతంగా తయారు చేసుకుంటాయి. పిల్లి సరిపడా తయారు చేసుకోలేదు. మాంసం, చేపల నుంచే అది రావాలి. అన్నంలో, పప్పులో, కూరగాయల్లో టారిన్ దాదాపు ఉండదు. పెరుగులో ఉన్నా చాలా తక్కువ.

టారిన్ అందకపోతే పిల్లి కంటి వెనుక పొర దెబ్బతిని చూపు పోతుందని 1975లో తేలింది. గుండె కండరం సాగిపోయి, బలహీనపడి పిల్లులు చనిపోవడానికి కూడా ఇదే కారణమని 1987లో బయటపడింది. ఆ తర్వాతే కంపెనీలు పిల్లుల ఆహారంలో టారిన్ మోతాదు పెంచాయి. కుక్కల కోసం చేసిన ప్యాకెట్ ఆహారం పిల్లికి రోజూ పెట్టకూడదని చెప్పేది కూడా ఇందుకే.

ఒక్క టారిన్‌తో అయిపోలేదు. క్యారెట్‌లోని పదార్థాన్ని మన శరీరం విటమిన్ ఎగా మార్చుకుంటుంది. పిల్లికి అదీ చేతకాదు. ఎండలో గంటలు గంటలు పడుకున్నా చర్మం నుంచి దానికి కావాల్సినంత విటమిన్ డి తయారు కాదు. అన్నీ తిండి నుంచే రావాలి. పల్లెల్లో తిరిగే పిల్లి ఎలుకలు, బల్లులు పట్టి ఈ లోటు పూడ్చుకుంటుంది. గడప దాటనివ్వకుండా పెంచుతూ పెరుగన్నం మాత్రమే పెడితే ఆ దారి కూడా మూసేసినట్టే. శాకాహారుల ఇళ్లలో పిల్లిని పెంచాలనుకుంటే ఈ విషయం ముందే ఆలోచించుకోవాలి.

పచ్చి చేప మంచిదే కదా? కాదు

తీరం దగ్గరున్న ఊళ్లలో చేపలకు కొదవ ఉండదు. చేపలు శుభ్రం చేసే చోట పిల్లులు చుట్టూ చేరి కూర్చోవడం రోజూ కనిపించే దృశ్యమే. చేప పిల్లికి మంచి ఆహారమే, టారిన్ కూడా ఉంటుంది. కానీ రోజూ పచ్చి చేపే పెడితే మాత్రం ఇబ్బంది.

నెత్తళ్లు, కార్ప్ జాతి చేపల్లాంటి కొన్ని రకాల్లో విటమిన్ బి1ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. వారాల తరబడి అవే పచ్చివి తింటే పిల్లికి తల వాలిపోవడం, తూలడం, ఫిట్స్ లాంటివి వస్తాయి. ఉడికిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. కాబట్టి ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి వేయకుండా ఉడికించి, ముళ్లు తీసి పెట్టాలి. పులుసు కలిపిన ముక్క వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను చిదిమేస్తాయి.

పచ్చి కోడిమాంసం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఈ వైరస్ కోళ్లతో ఆగదు.. పిల్లులకూ సోకుతుంది, ప్రాణాంతకం కూడా. అదే ఏడాది అమెరికాలో వైరస్ సోకిన ఆవుల పచ్చి పాలు తాగిన పిల్లులు చనిపోయాయి. అందుకే కోడి పేగులు, పచ్చి స్కిన్ పిల్లికి వేసే అలవాటు మానుకోవాలి.

ఎడారి నుంచి వచ్చిన కిడ్నీలు

ప్రపంచంలోని పెంపుడు పిల్లులన్నీ పశ్చిమాసియా అడవి పిల్లి సంతతే అని 2007లో జన్యు పరీక్షల్లో తేలింది. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ల నాటి ఓ సమాధిలో మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం దొరికింది. రైతు ధాన్యం దాచడం మొదలుపెట్టాడు.. ఎలుకలు వచ్చాయి.. వాటి వెనకాలే పిల్లి వచ్చింది. మనుబోలులో ధాన్యం బస్తాల పక్కన కాపు కాసే పిల్లి చేస్తున్నది ఆ పాత ఉద్యోగమే.

నీళ్లు తక్కువగా దొరికే చోటు నుంచి వచ్చింది కాబట్టి దాని కిడ్నీలు మూత్రాన్ని బాగా చిక్కగా చేసి నీటిని ఆదా చేస్తాయి. ఎలుక ఒంట్లోని నీళ్లే దానికి చాలావరకు సరిపోతాయి. అందుకే పిల్లికి దాహం పెద్దగా వేయదు. ఇదే ఇప్పుడు ఇబ్బంది తెస్తోంది. ఎండు గింజల్లాంటి ప్యాకెట్ ఆహారం పెట్టి నీళ్లు సరిగా తాగకపోతే మూత్రంలో స్ఫటికాలు ఏర్పడొచ్చు. మగ పిల్లుల్లో మూత్రనాళం సన్నగా ఉంటుంది కాబట్టి అది పూర్తిగా మూసుకుపోయే ప్రమాదం ఉంది. గండుపిల్లి పదే పదే కూర్చుంటూ, అరుస్తూ, చుక్క మూత్రం రాక ఇబ్బంది పడుతుంటే రేపు చూద్దాం అనుకోకూడదు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. వయసు మళ్లిన పిల్లుల్లో కిడ్నీ జబ్బులు కూడా చాలా ఎక్కువ.

నీళ్లు తాగే తీరు కూడా వింతే. కుక్కలా నాలుకతో తోడుకోదు. నాలుక కొసను నీటికి అలా తాకించి చటుక్కున పైకి లాగుతుంది. దాంతోపాటు నీళ్లు సన్నని ధారలా పైకి లేస్తాయి. ఆ ధార కిందపడేలోపు నోరు మూసేస్తుంది. సెకనుకు దాదాపు నాలుగు సార్లు ఇలా చేస్తుందని 2010లో అమెరికా పరిశోధకులు హైస్పీడ్ కెమెరాతో చూసి చెప్పారు.

తల పడితే ఒళ్లంతా పట్టినట్టే

పెద్ద మనిషి ఒంట్లో 206 ఎముకలుంటే, అంత చిన్న పిల్లి ఒంట్లో దాదాపు 230 నుంచి 250 వరకు ఉంటాయి. తోక పొడవును బట్టి ఈ లెక్క మారుతుంది. మన భుజాలను కట్టి ఉంచే జత్రుక ఎముక పిల్లికి చాలా చిన్నది. అది మిగతా ఎముకలకు అతుక్కోకుండా కండరాల మధ్య తేలుతూ ఉంటుంది. అందుకే తల పట్టే సందు దొరికితే చాలు, భుజాలు ముడుచుకుని లోపలికి జారిపోతుంది. ఒళ్లు చేసిన పిల్లికి మాత్రం ఈ లెక్క పనిచేయదు.

ఎత్తు నుంచి పడినా కాళ్ల మీదే నిలబడటం దీని మరో విద్య. 1894లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే వరుస ఫొటోలు తీసి ఈ గుట్టు చూపించారు. ముందు తల, ఆ తర్వాత ముందరి సగం, చివర్లో వెనక సగం తిప్పుకుంటుంది. వెన్నెముక అంత సులువుగా వంగుతుంది కాబట్టే ఇది సాధ్యం. మూడు నాలుగు వారాల వయసులో మొదలై, ఏడు వారాలకల్లా కూనకు ఈ విద్య పూర్తిగా వచ్చేస్తుంది.

అలాగని మేడ మీద నుంచి పడినా ఏం కాదు అనుకుంటే పొరపాటే. న్యూయార్క్‌లో ఎత్తైన భవనాల నుంచి పడి ఆస్పత్రికి వచ్చిన 132 పిల్లులపై 1987లో ఓ నివేదిక వచ్చింది. వాటిలో 90 శాతం బతికాయి. దీన్ని పట్టుకుని పిల్లికి తొమ్మిది ప్రాణాలు అని ప్రచారం జరిగింది. కానీ కిందపడి అక్కడికక్కడే చనిపోయినవి ఆస్పత్రి లెక్కలోకి రావు కదా! బతికినవాటిలోనూ ఛాతీ గాయాలు, దవడ, కాళ్లు విరిగినవి చాలానే ఉన్నాయి. అపార్ట్‌మెంట్లలో పిల్లిని పెంచేవాళ్లు బాల్కనీకి, కిటికీలకు నెట్ కట్టించుకోవడం తప్పనిసరి.

చీకట్లో కళ్లు.. ఎలుక గుసగుస వినే చెవులు

హెడ్‌లైట్ పడగానే పిల్లి కళ్లు మెరవడానికి కారణం కంటి వెనుక ఉండే అద్దం లాంటి పొర. లోపలికి వచ్చిన వెలుతురును అది మరోసారి వెనక్కి తిప్పి పంపుతుంది. మనకు కావాల్సిన వెలుతురులో ఆరో వంతు ఉన్నా పిల్లికి సరిపోతుంది. పూర్తి చీకట్లో మాత్రం అదీ చూడలేదు. పైగా ముక్కు ముందే ఉన్న ముక్క దానికి సరిగ్గా కనిపించదు. అక్కడ మీసాలు పనిచేస్తాయి. మూతికి రెండు వైపులా కలిపి సాధారణంగా 24 మీసాలుంటాయి. ముందు కాళ్ల వెనక కూడా ఇలాంటి వెంట్రుకలే ఉంటాయి. వాటి కుదుళ్లలో నరాలు నిండి ఉంటాయి. అందుకే పిల్లల సరదా కోసం మీసాలు కత్తిరించకూడదు.

మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్ వరకే శబ్దం వినిపిస్తుంది. పిల్లికి 60 వేలు దాటినా వినిపిస్తుంది. ఎలుకలు తమలో తాము చేసుకునే, మనకు వినపడని కీచు శబ్దాలు దానికి స్పష్టంగా తెలుస్తాయి. చెవులను ఒక్కోదాన్ని విడివిడిగా తిప్పి ఆ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో పట్టేస్తుంది. దీపావళి టపాసులు, పెళ్లి డీజేలు దాన్ని ఎంత హడలగొడతాయో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

ముళ్ల నాలుక.. అదే వరం, అదే శాపం

పిల్లి నాకితే గరుకు కాగితం రాసినట్టు ఉంటుంది. నాలుక మీద వెనక్కి వంగిన సన్నని ముళ్లుంటాయి. ఆ ముళ్ల కొసలు గరిటెలా బోలుగా ఉండి, లాలాజలాన్ని చర్మం దాకా చేరవేస్తాయని అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 2018లో చెప్పారు. మెలకువగా ఉన్న సమయంలో చాలాభాగం ఒళ్లు నాక్కోవడానికే సరిపోతుంది. చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే కాబట్టి వేసవిలో ఒళ్లు చల్లబరుచుకోవడానికీ ఈ తడే ఆధారం. నెల్లూరు ఎండలు 40 డిగ్రీలు దాటినప్పుడు పిల్లి కుక్కలా నోరు తెరిచి రొప్పుతుంటే అది ప్రమాద సూచన. వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడిచి, డాక్టర్‌కు చూపించాలి.

ఇదే అలవాటు దానికి ముప్పు కూడా. ఒంటి మీద ఏం పడినా నాకి మింగేస్తుంది. ఫినాయిల్, పురుగుమందు, కిరోసిన్.. ఏదైనా సరే కడుపులోకి వెళ్తుంది. కుక్కలకు గోమార్లు పోవడానికి వాడే పెర్మెత్రిన్ మందు పిల్లి చర్మానికి రాసినా వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. కుక్క మందు కుక్కకే.

గుర్‌గుర్ మంటే సంతోషమేనా?

ఎప్పుడూ కాదు. ఒడిలో హాయిగా ఉన్నప్పుడే కాదు, నొప్పితో ఉన్నప్పుడు, ఈనేటప్పుడు, ఆఖరి క్షణాల్లో కూడా పిల్లి గుర్‌గుర్ మంటుంది. సుమారు 25 నుంచి 30 హెర్ట్జ్ దగ్గర వచ్చే ఈ లోతైన శబ్దం అంత చిన్న గొంతు నుంచి ఎలా వస్తోందన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉంది. స్వరతంతుల్లో ఉండే మెత్తటి దిండ్ల లాంటి కణజాలం వల్లే ఇది సాధ్యమవుతోందని 2023లో ఓ పరిశోధన చెప్పింది. కాబట్టి తిండి మానేసి మూలన కూర్చుని గుర్‌గుర్ మంటున్న పిల్లి బాగానే ఉందని అనుకోవద్దు. ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వంతా లివర్‌లో చేరి ప్రాణం మీదికి వస్తుంది.

మూడు రంగుల పిల్లి ఆడదే.. ఎందుకంటే?

నలుపు, నారింజ, తెలుపు కలిసిన పిల్లి కనిపిస్తే అది దాదాపు కచ్చితంగా ఆడపిల్లే. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడదానికి రెండు ఎక్స్‌లు. ఒక్కో కణంలో ఒక్కో ఎక్స్ నిద్రపోతుంది. ఏది మేల్కొని ఉంటే అక్కడ ఆ రంగు. మగదానికి ఒకే ఎక్స్ కాబట్టి నలుపో, నారింజో ఏదో ఒకటే వస్తుంది. అరుదుగా రెండు ఎక్స్‌లతో పుట్టే మూడు రంగుల మగపిల్లికి సాధారణంగా పిల్లలు పుట్టవు. ఆ నారింజ రంగుకు కారణమైన జన్యు మార్పు ఏదో అమెరికా, జపాన్ బృందాలు విడివిడిగా వెతికి 2025లో ప్రకటించాయి.

పిల్లులకూ బ్లడ్ గ్రూపులున్నాయి. ఎ, బి, ఎబి అని ప్రధానంగా మూడు రకాలు. మొదటిసారి ఎక్కించే రక్తమే సరిపడకపోయినా ప్రాణాపాయం ఉంటుంది. అందుకే గ్రూపు చూడకుండా ఎక్కించకూడదు.

నీళ్లకు భయపడని చుట్టం

పిల్లికి నీళ్లంటే పడదు అంటారు. కానీ మన తీరంలోనే ఈతకొట్టి చేపలు పట్టే పిల్లి ఉంది. కాకినాడ దగ్గర కోరింగ, కృష్ణా డెల్టా మడ అడవుల్లో ఉండే ఫిషింగ్ క్యాట్‌నే బావురుపిల్లి అని కూడా పిలుస్తారు. వేళ్ల మధ్య కొంతవరకు పొర, నీళ్లు లోపలికి దిగనివ్వని దట్టమైన బొచ్చు దాని ప్రత్యేకతలు. ఇంటి పిల్లి కన్నా బాగా పెద్దది. దీన్ని పట్టుకున్నా, చంపినా వన్యప్రాణి చట్టం కింద కేసు తప్పదు.

ఇంట్లో పిల్లి ఉంటే ఇవి మరవొద్దు

* మనుషుల మందులు ఏవీ డాక్టర్‌ను అడగకుండా వేయొద్దు. ముఖ్యంగా పారాసిటమాల్.
* అన్నం పెట్టినా దాంతోపాటు ఉడికించిన చేప, చికెన్, గుడ్డు లాంటివి రోజూ ఉండాలి. నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచాలి.
* మూడు నెలల వయసు నుంచి రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టర్ చెప్పిన ప్రకారం బూస్టర్ వేయించాలి. పిల్లి కరిచినా, రక్కినా సబ్బు, పారే నీటితో 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. చిన్న గీతే కదా అని వదిలేయొద్దు.
* గర్భిణులు పిల్లి మలం ఎత్తకపోవడం మంచిది. అందులో ఉండే టాక్సోప్లాస్మా క్రిమి కడుపులోని బిడ్డకు హాని చేయొచ్చు. ఆ క్రిమి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి, ఇంట్లో ఇంకొకరు రోజూ శుభ్రం చేస్తే ముప్పు బాగా తగ్గుతుంది. పిల్లిని వదిలించుకోవాల్సిన పనిలేదు.
* ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావొచ్చు. దాదాపు 65 రోజుల్లో ఈనుతుంది. ఒకే ఈతలో పుట్టిన కూనలకు తండ్రులు వేరు వేరు కావొచ్చు. కూనలను గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేసే కన్నా ముందే ఆపరేషన్ చేయించడం మేలు.

గమనిక: ఈ వివరాలు అవగాహన కోసం మాత్రమే. పిల్లి అనారోగ్యంగా ఉంటే దగ్గర్లోని పశువైద్యశాలలో చూపించి, డాక్టర్ సలహా ప్రకారమే మందులు వాడాలి.